లైనులోనే ఉన్నాను

అక్కయ్యకు నమస్కారాలు.

ఇక్కడ మీ మరిదీ, పాపా కులాసాగానే ఉన్నారు. అక్కడ నువ్వూ బావగారూ కూడా అలాగే ఉన్నారని తలుస్తాను. కులాసాగా ఉన్నవాళ్ళలో నన్ను కలపలేదని నువ్వు ఇట్టే పట్టేస్తావు. లెక్కల టీచరువి కదా, మనుషుల్లో కూడా ఎవరు తగ్గారో ముందే చూస్తావు. నా సంగతి కింద రాస్తాను. కాగితం తిప్పేసి ముందు అక్కడికి వెళ్ళిపోకు. దయచేసి వరసగా చదువు. నేను కూడా వరసగా వెళితే తప్ప అక్కడిదాకా రాలేను.

"ఫోన్ ఎత్తవేమే, ఈ రోజుల్లో ఉత్తరాలేమిటే" అని కోప్పడ్డావు. ఎత్తలేకపోతున్నానక్కా. ఫోన్ చెవికి ఆనిస్తే చాలు, అరచేతులు తడిసిపోతున్నాయి. ఇంట్లో ఎవరి ఫోన్ మోగినా పాపే తీసి "అమ్మ స్నానానికి వెళ్ళింది" అని చెబుతోంది. ఊరంతా నన్ను మహా శుభ్రం మనిషిననుకుంటూ ఉండాలి. ఉత్తరంలో అయితే ఒక మాట దొరక్కపోతే కలం పక్కన పెట్టి, దొరికాక రాయొచ్చు. అవతల ఎవరూ కాచుకుని ఉండరు.

నెలసరి సంగతి అడిగావు. ఆగిందా, ఇంకా వస్తోందా అని. సరిగ్గా వచ్చి చావదు, సరిగ్గా ఆగి చావదు. రెండు మూడు నెలలు జాడ ఉండదు. పీడ వదిలిందనుకునే సరికి గట్టు తెగినట్టు వస్తుంది. కుర్చీలోంచి లేచేటప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటున్నాను, బడిలో కొత్తలో చూసుకున్నట్టు. నీకైతే "ఒక నెల రాలేదు, మరింక రానేలేదు, అంతే" అని రాశావు. అది చదివితే నీ మీద కోపం వచ్చింది. ఒకే కడుపున పుట్టాం, నీకు తలుపు చేరవేసినంత తేలిగ్గా పోయింది, నాకేమో ఇల్లు పీకి పందిరి వేస్తోంది. అమ్మకి ఎలా జరిగిందో అడుగుదామంటే అమ్మ లేదు. ఉన్నా చెప్పేది కాదు. ఆ వయసులో అమ్మ మధ్యాహ్నాలు కిటికీలు మూసుకుని పడుకునేది, గుర్తుందా? మనం తలగడ కోసం వెళ్ళినా విసుక్కునేది. దానికి ఒక పేరుంటుందని మనకి తెలియదు. బహుశా అమ్మకీ తెలియదు.

ఉన్నట్టుండి గుండెల్లోంచి మెడ మీదికి సెగ పాకుతుంది. మా గదిలో ఏసీ చలికి అందరూ స్వెట్టర్లు వేసుకుని ముడుచుకుని కూర్చుంటే, నేను అట్టముక్కతో విసురుకుంటాను. నిద్ర లేదు. తెలిసిన మాటలు అవసరానికి నోటికి రావు. గరిటెని "అది, కలిపేది" అన్నాను మొన్న. లిఫ్టులు బాగుచేసే మనిషి కదా మీ మరిది, ఒకరోజు పక్కన కూర్చుని, "లిఫ్టు ఏ అంతస్తుల మధ్య ఆగినా తలుపు తెరిచి మనిషిని బయటికి తీస్తాను. నువ్వు ఎక్కడ ఆగిపోయావో చెబితే కదా" అన్నారు. నవ్వాను. మంచి మనిషే. కానీ ఎక్కడ ఆగానో నాకు మాత్రం తెలుసా?

నా తలనొప్పి సంగతి నీకు కొత్త కాదు. పెళ్ళికాక ముందు నుంచీ నెలసరికి ఒకరోజు ముందు వచ్చేది, తలకి గుడ్డ కట్టుకుని పడుకుంటే మర్నాటికి పోయేది. అది వస్తే రేపు ఇది వస్తుందని తెలిసేది. నెలసరి ఆగితే తలనొప్పీ ఆగుతుందని అందరూ అన్నారు. నేనూ ఆ ఆశతోనే ఉన్నాను. ఇప్పుడు దానికి వేళాపాళా లేదు. పైగా కొత్త వేషాలు నేర్చింది. ముందు కంటి చివర చిన్న మెరుపు వస్తుంది. రంపప్పళ్ళలా తళతళమంటూ పెరుగుతుంది. ఎదుటి మనిషి ముఖంలో సగమే కనిపిస్తుంది. తర్వాత పెదవి చివర తిమ్మిరి, ఆ పక్క వేళ్ళకి తిమ్మిరి. ఆ తర్వాత నొప్పి. నొప్పి గురించి రాయను. కొలిమి అనో సుత్తి అనో రాస్తే అది ఉత్త మాటే అవుతుంది.

మొదట మా వీధి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. "వయసమ్మా. మా ఇంట్లో ఆవిడకీ ఇదే గోల. ఓపిక పట్టాలి" అన్నాడు. అందులో ఓపిక ఎవరిదో అర్థం కాలేదు. తర్వాత ఆడవాళ్ళ డాక్టరు దగ్గరికి వెళితే, ఆవిడ కాస్త కూర్చోబెట్టి చెప్పింది. హార్మోను ఒక్కసారిగా తగ్గదట. ఎక్కుతూ దిగుతూ తగ్గుతుందట. ఆ ఎగుడుదిగుళ్ళకే నా తల తిరగబడుతోందట. సెగలకి హార్మోను మాత్రలు ఉన్నాయి కానీ, మెరుపులొచ్చే రకం తలనొప్పికి ఆ మాత్రలు ఆచితూచి ఇవ్వాలంది, నరాల డాక్టరుకి చూపించుకుని రమ్మంది.

"పూర్తిగా ఆగిపోయాక తగ్గుతుందాండీ?" అని అడిగాను.

"కొందరికి తగ్గుతుంది."

"కొందరికంటే?"

"కొందరికేనమ్మా" అంది. అబద్ధం చెప్పనందుకు ఆవిడకి మనసులో దండం పెట్టుకున్నాను. కానీ మెట్లు దిగుతూ అబద్ధమైనా చెప్పాల్సింది అనుకున్నాను.

పాప నీకు ఫోన్ చేసి ఏడ్చిందని రాశావు. అది చెప్పింది నిజమే. నేను పడుకున్నాను, అది వంటింట్లో గ్లాసులో చెంచాతో పంచదార కలుపుకుంటోంది. ఆ టంగుటంగు శబ్దం సరిగ్గా నా కణతలోనే మోగుతున్నట్టు అనిపించింది. లేచి వెళ్ళి గ్లాసు లాక్కుని గోడకేసి కొట్టాను. అది అరవలేదు, ఏడవలేదు. వంగి పెంకులు ఏరడం మొదలుపెట్టింది. "కాళ్ళకి చెప్పులు వేసుకో అమ్మా" అంది నాతో. పదహారేళ్ళ పిల్ల, నన్ను చిన్నపిల్లని చేసి మాట్లాడింది. దానికి ఇప్పుడు నెల తప్పకుండా వస్తోంది, నాకు దారి తప్పింది. ఇద్దరం ఒకే బీరువా అరలోంచి ప్యాడ్లు తీసుకుంటున్నాం. నేను దాన్ని చూసి అసూయ పడుతున్నానా అని ఒక్కోసారి భయమేస్తుంది. దాన్ని సెలవులకి నీ దగ్గరికి పంపమన్నావు. పంపిస్తాను. తీసుకో.

ఇక ప్రమోషన్ సంగతి. "షిఫ్టు ఇన్‌చార్జివి అయ్యావా, మిఠాయిలు ఎప్పుడు" అని రాశావు. కాలేదక్కా. ఇక కాను. ఎందుకో చెబుతాను. ఇదే ఆ కింద రాస్తానన్నది.

మా పని ఎలా ఉంటుందో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. కిటికీల్లేని పెద్ద గది, వరసగా బల్లలు, పైన తెల్లటి ట్యూబులైట్లు. చెవులకి హెడ్‌సెట్టు, ముందు రెండు తెరలు. ఎవరో ఎక్కడో పడిపోతే, ఎవరికో ఊపిరి అందకపోతే ఫోన్ మా దగ్గరికి వస్తుంది. ముందు చిరునామా రాబట్టాలి, బటన్ నొక్కి అంబులెన్సుని బయల్దేరదీయాలి. అక్కడితో సగం పనే అయినట్టు. బండి వెళ్ళేదాకా ఆ మనిషి చేతులు మన చేతులవ్వాలి. వెల్లకిలా పడుకోబెట్టండి, ఛాతీ మధ్యలో అరచెయ్యి ఆనించండి, దాని మీద రెండోది పెట్టి గట్టిగా నొక్కండి, నేను లెక్కపెడతాను, ఆపకండి, లైనులోనే ఉండండి. ఇవి నిద్రలో లేపి అడిగినా చెబుతాను. చిన్నప్పుడు నన్ను వసపిట్ట అనేవారు మీరంతా. ఆ వాగుడే నాకు కూడు పెట్టింది. ఆ గదిలో నా గొంతు విని ఏడుపు ఆపి పని మొదలుపెట్టినవాళ్ళు ఎంతమందో. అది నా గర్వం. ఎవరికీ చెప్పుకోని గర్వం.

మెరుపుల సంగతి ఆఫీసులో చెప్పలేదు. చెబితే హెడ్‌సెట్టు తీసేస్తారు. మెరుపు రాగానే పక్క సీటు అమ్మాయికి సైగ చేసి బాత్‌రూంకి వెళ్ళిపోయేదాన్ని. వయసు మీదపడ్డ ఆడది మాటిమాటికీ బాత్‌రూంకి వెళితే ఎవరూ ఏమీ అడగరు.

ఆ రోజు మధ్యాహ్నం మెరుపు రాలేదు. లేక, తెర వెలుగులో నేను గమనించలేదేమో. ఒకావిడ ఫోన్ చేసింది. "మా ఆయన అన్నం తింటూ తింటూ పక్కకి ఒరిగిపోయాడండీ, పిలిస్తే పలకడం లేదు" అంది. చిరునామా అడిగాను, గబగబా చెప్పింది, బటన్ నొక్కాను. బండి కదిలినట్టు తెర మీద కనిపించింది. "ఊపిరి ఉందా చూడండి" అన్నాను. "గురకలా వస్తోందండీ, ఆగిపోతోందండీ" అంది. నేను చెప్పాల్సిన మాట నాకు తెలుసు. తలలో ఉంది, ఎక్కడుందో కూడా తెలుస్తోంది. నోరు తెరిచాను. మాట రాలేదు.

కంగారు పడి మాట రాకపోవడం కాదక్కా. నాలుక ఉంది, గొంతు ఉంది, మాటలు మాత్రం ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ముద్దగా వస్తున్నాయి. "వెల్లకిలా" అనబోతే "వేవే" అని వచ్చింది. "నొక్కండి" అనబోతే ఏదో మూలుగు వచ్చింది. తెర మీద అక్షరాలు కనిపిస్తున్నాయి కానీ అవి అక్షరాల్లా లేవు. ఆవిడ అడుగుతోంది, "ఏం చెయ్యమంటారండీ? చెప్పండి. ఏం చెయ్యాలి నేను?" అని. ప్రతి మాటా నాకు శుభ్రంగా అర్థమవుతోంది. అదే నరకం. పక్క సీటు అమ్మాయి వేరే కాల్‌లో ఉంది. చెయ్యి ఎత్తి పిలవాలి. కుడిచెయ్యి నాది కాదు. ఎడమ చేత్తో ఆ అమ్మాయిని తట్టాలని కూడా తోచలేదు. నేను అలాగే గుడ్లప్పగించి ఆవిడకి నా ఊపిరి మాత్రం వినిపిస్తూ కూర్చున్నాను. కాసేపటికి ఆవిడ అడగడం మానేసింది. "ఏవండీ, ఏవండీ" అని ఆయన్ని మాత్రమే పిలుస్తోంది. అంబులెన్సు వాళ్ళు తలుపు తట్టిన చప్పుడు నా చెవిలో వినిపించింది. అప్పుడు నా పెదవులు కదిలాయి. "వచ్చారు" అన్నాను. అంత స్పష్టంగా ఆ మాట ఒక్కటి.

ఆయన బతకలేదు.

ఆ సాయంత్రం మా పెద్దసారు నన్ను తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు. ఆ కాల్ అప్పటికే విన్నాడు. "వైద్యానికి వెళ్ళండి. ఈ కాల్ గురించి ఎవరైనా అడిగితే లైను బాగా లేదని చెబుతాను. మీరూ అదే చెప్పండి. ఆయనకి వచ్చినది చిన్న గుండెపోటు కాదట, మీరు చెప్పినా బతికేవాడు కాదేమో" అన్నాడు. ఆ "ఏమో" అనే మాటని ఆయన చాలా మెల్లగా అన్నాడు. ఆ రోజు నుంచీ నేను ఆ మాటలోనే ఉంటున్నాను.

స్కాన్ తీశారు. ఏమీ లేదన్నారు. నరాల డాక్టరు "ఇది మైగ్రేనే, హార్మోన్ల వల్ల చెలరేగింది, మాట పోవడం కూడా అందులో భాగమే" అన్నాడు. మాత్రలు ఇచ్చాడు. వాటితో కొంచెం తగ్గింది. నేనే హెడ్‌సెట్టు తిరిగి ఇచ్చేశాను. ఇప్పుడు వెనక గదిలో షిఫ్టుల చార్టులు వేస్తున్నాను. ఎవరు ఏ పూట రావాలో రాయడం. మీ మరిదికి తలనొప్పి వల్ల సీటు మార్చారని చెప్పాను. అది అబద్ధం కాదు, నిజమూ కాదు.

ఇక్కడితో అయిపోతే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. మింగి ఊరుకునేదాన్ని.

కొన్ని వారాల తర్వాత ఆవిడ మా ఆఫీసుకి వచ్చింది. అంబులెన్సు వాళ్ళని అడిగి, గేటు దగ్గర బతిమాలి, ఆ మధ్యాహ్నం ఫోన్ తీసినావిడ ఎవరో కనుక్కుని వచ్చింది. పెద్దసారు నన్ను పిలిపించాడు. తిట్టడానికి వచ్చిందనుకున్నాను. నిజం చెబుతున్నాను, కాళ్ళు తేలికయ్యాయి. తిట్టేవాళ్ళు దొరికితే బాగుండునని అప్పటికి ఎన్నాళ్ళ నుంచో కాచుకుని ఉన్నాను.

నా ఈడుదే. చేతిమీద కుట్టుమిషను సూది గుచ్చుకున్న మచ్చలు. నన్ను చూసి లేచి రెండు చేతులూ పట్టుకుంది.

"మీరేనా తల్లీ" అంది. "మీరు ఆ రోజు ఏడ్చారు. నాకు వినిపించింది. ముక్కూ మొహం ఎరగని మనిషి కోసం ఎవరు ఏడుస్తారండీ? ఆయన పోతున్నాడని మీకు ముందే తెలిసిపోయింది కదూ. నాకు చెప్పలేక ఏడ్చారు. ఫోన్ పెట్టెయ్యకుండా నాతోనే ఉన్నారు. ఆ పూట నేను ఒక్కదాన్నే లేను, అది చెప్పి పోదామని వచ్చాను."

పెద్దసారు గోడ వైపు తిరిగాడు. నా నాలుక బాగానే ఉంది అక్కా. మెరుపు లేదు, తిమ్మిరి లేదు. ఆ రోజు రోగం నా నోరు మూసింది. ఈసారి నేనే మూసుకున్నాను. "ఊఁ" అన్నాను. ఆవిడ నా భుజం మీద తల పెట్టుకుని కాసేపు ఏడ్చి వెళ్ళిపోయింది.

ఆ "ఊఁ" నన్ను బతకనివ్వలేదు. దొంగసొత్తు ఒంటిమీద వేసుకుని తిరుగుతున్నట్టుంది. తలనొప్పి లేని ఒక ఉదయం చూసుకుని ఆవిడ ఇంటికి వెళ్ళాను. చిరునామా నాకు తెలుసు కదా. ముందుగదిలో కుట్టుమిషను, పక్కన బడి పిల్లల యూనిఫారాలు దొంతరగా. కుర్చీ వేసి, మంచినీళ్ళు ఇచ్చింది. నీళ్ళు తాగకుండానే అంతా చెప్పాను. నేను ఏడవలేదని. నాకు మాట పడిపోయిందని. ఛాతీ మీద ఎలా నొక్కాలో మీకు నేను చెప్పాల్సిందని, చెప్పలేదని. నాకు ఈ జబ్బుందని తెలిసి కూడా ఆ కుర్చీలో కూర్చున్నానని.

ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. మిషను చక్రం మీద చెయ్యి వేసుకుని వింది. చివరికి అడిగింది.

"మీరు చెబితే ఆయన బతికేవాడా?"

"తెలియదండీ. ఒక్కోసారి బతుకుతారు. చాలాసార్లు బతకరు."

"నొక్కడం కష్టమా?"

"కాదండీ."

తన రెండు చేతులూ ముందు పెట్టుకుని చూసుకుంది. ఎక్కడ ఎలా పెట్టాలో తెలియనట్టు ఒకదాని మీద ఒకటి పెట్టుకుంది. తర్వాత చాలా నెమ్మదిగా అంది.

"మీకు బరువు దిగిందా?"

తాగని నీళ్ళ గ్లాసు కింద పెట్టాను.

"ఆ పూట ఎవరో ఒకరు నాకు తోడున్నారనుకున్నాను. దాన్ని పట్టుకునే ఇన్నాళ్ళూ అన్నం తిన్నాను. అది తీసుకెళ్ళడానికి వచ్చారా తల్లీ? ఇప్పుడు నేను చేతులుండీ ఊరికే కూర్చున్నదాన్నయ్యాను. ఇది నేను ఎవరింటికి వెళ్ళి దించుకోవాలి?"

కోపంగా అనలేదు. తిట్టలేదు. వాకిలిదాకా వచ్చి, నేను మెట్లు దిగాక తలుపు వేసుకుంది. కాసేపటికి మిషను చప్పుడు వినిపిస్తుందేమోనని వీధిలో నిలబడ్డాను. వినిపించలేదు.

చెప్పకపోతే పాపం, చెబితే ఇంకా పెద్ద పాపం. ఏది చేసి ఉండాల్సిందో నువ్వు చెప్పగలవా? చెప్పకు. ఏది చెప్పినా నేను నమ్మను.

ఇంకొక్కటి ఉంది. ఇది మీ మరిదికి కాదు కదా, డాక్టరుకి కూడా చెప్పలేదు. ఈమధ్య తలనొప్పి వస్తే నేను మాత్ర వేసుకోవడం లేదు. కిటికీలు మూసి పడుకుంటాను. నొప్పి ఉన్నంతసేపు ఆ ఇల్లు గుర్తురాదు, ఆవిడ చేతులు గుర్తురావు, లోకంలో నొప్పి తప్ప ఇంకేమీ ఉండదు. అది తగ్గుముఖం పట్టినప్పుడు నాకు భయం మొదలవుతుంది. ఇంకాసేపు ఉండమని లోపల బతిమాలుకుంటున్నాను. ఏ మనిషైనా ఇంత దిగజారుతుందా? అందుకే నీకు రాస్తున్నాను. వయసు అనకు. అందరికీ ఉండేదే అనకు. నన్ను క్షమించానని కూడా రాయకు, అది నీ చేతిలో లేదు. వీలుంటే వచ్చి కొన్నాళ్ళు ఇంట్లో ఉండు. నాతో మాట్లాడక్కర్లేదు. వేళకి మాత్ర నా చేతిలో పెట్టి, మింగేదాకా అక్కడే నిలబడు. అది ఒక్కటి నా అంతట నేను చేయలేకపోతున్నాను.

బావగారికి నమస్కారాలు చెప్పు. ఈ ఉత్తరం ఆయనకి చూపించకు.

ఇట్లు,
నీ చెల్లెలు